కొట్టివేతలు లేని చదువు

వాడి అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. కాలేజీ మొత్తానికీ వాడు దస్తూరి. కంప్యూటర్ సైన్సు డిపార్టుమెంటులో అంత గొప్ప చేతిరాత ఉన్నవాడు అంతకుముందు లేడు, ఆ తర్వాతా రాలేదు. కంప్యూటర్ చదువులో చేతిరాతతో ఏం పనయ్యా అని మీరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. వాడు చేరిన కొత్తలో ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే ఒక కుర్రాడి నాలుగేళ్ళు మిగిలేవి. అడిగే నాథుడు లేకపోయాడు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ చదువులో రికార్డు అని ఒకటుంది. దళసరి అట్ట పుస్తకం. ల్యాబులో కంప్యూటర్ మీద చేసిన ప్రతి ప్రోగ్రామునూ ఇంటికెళ్ళి అందులో చేత్తో రాయాలి. కుడివైపు గీతల పేజీలో పెన్నుతో ప్రోగ్రాము. ఎడమవైపు తెల్ల పేజీలో స్కేలు పెట్టి పెట్టె గీసి, తెర మీద ఏం కనబడిందో అదంతా పెన్సిలుతో. అవునండీ, కంప్యూటర్ చూపించినదాన్ని మనిషి బొమ్మ గీసినట్టు గీయాలి! పక్కనే ప్రింటరు దుమ్ము కొట్టుకుంటూ ఉంటుంది, దాని జోలికి ఎవరూ పోరు. పైగా కొట్టివేత ఉండకూడదు. ఒక్క అక్షరం కొట్టేసి పైన రాస్తే ఆ పేజీ చింపి మొత్తం మళ్ళీ రాయాలి. ఇలా ఎందుకు చేయాలంటే, ఎప్పటినుంచో అలాగే చేస్తున్నారు కాబట్టి. అంతకు మించి కారణం ఎవరి దగ్గరా లేదు.

దస్తూరి వాళ్ళ నాన్న బోర్డుల పెయింటరు. ఒకప్పుడు వాళ్ళ ఊరి బజారులో సగం దుకాణాల పేర్లు ఆయన రాసినవే. మందుల షాపు, సైకిళ్ళ షాపు, కుట్టు మిషన్ల రిపేరు, అన్నిటికీ ఆయనే. నిచ్చెనెక్కి నిలబడి, ఊపిరి బిగబట్టి ఒక్క గీతలో అక్షరం తిప్పేవాడు. కింద జనం మెడలెత్తి చూసేవాళ్ళు. కొడుక్కి అక్షరాలు దిద్దబెట్టింది కూడా ఆయనే. "చెయ్యి ఒకసారే వెళ్ళాలిరా. వెనక్కి రాకూడదు" అనేవాడు. పిల్లవాడు ఒక అక్షరం కొట్టేస్తే కాగితం లాక్కుని చింపేసి, మళ్ళీ మొదటినుంచి రాయించేవాడు. ఎనిమిదేళ్ళ వయసుకే వాడి కాగితం చూసి పెద్దవాళ్ళు సిగ్గుపడే రాత వచ్చేసింది.

తర్వాత కంప్యూటర్ మీద అక్షరాలు పేర్చి ఒక్క పూటలో బోర్డు చేతిలో పెట్టే షాపులు వచ్చాయి. పెయింటరు పని ఏడాది తిరక్కుండానే చప్పబడింది. రంగుల డబ్బాలు గట్టిపడ్డాయి. ఆయన ఒక గోడౌనులో కాపలా ఉద్యోగానికి కుదిరాడు. కొడుకు కాలేజీలో చేరేటప్పుడు ఏ చదువని ఇంట్లో రెండో మాట రాలేదు.

"నా నోటి దగ్గర కూడు లాక్కుంది ఆ పెట్టే" అన్నాడాయన. "దాని లోపల ఏముందో నువ్వు నేర్చుకో. నన్ను రోడ్డున పడేసినదానికి రేపు పని చెప్పేవాడివి నువ్వవ్వాలి. నాకింకేం వద్దు."

ఇదీ వాడి నెత్తిన పెట్టిన బరువు. చదువు పూర్తయ్యేసరికి ఆ యంత్రం వాడి మాట వినాలి. అంతే. మిగతాదంతా ఆ ఇంట్లో లెక్కలోకి రాదు.

మొదటి రోజు ల్యాబులో దస్తూరి ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుంటూ చిన్న ప్రోగ్రాము కొట్టి నడిపించాడు. తెర మీద ఎర్రటి గీతలు! ఎక్కడో ఒక చుక్క మర్చిపోయినందుకు అంత గొడవ. పుట్టి బుద్ధెరిగి వాడి కాగితం మీద ఎర్ర గీత పడింది లేదు. గబగబా చుట్టూ చూశాడు, ఎవరైనా చూశారేమోనని.

చూశాడు పక్క సీటువాడు. వాణ్ణి అందరూ గాలి అంటారు. ఒకచోట నిలవడు, ఏ పుస్తకమూ తెరవడు, జేబులో పెన్నుండదు.

"ఓర్నీ, నీకు మూడే వచ్చాయా? నాకు చూడు, తెర సరిపోవట్లా!" అని పగలబడి నవ్వాడు గాలి. నవ్వుతూనే ఒకటి మార్చాడు, నడిపాడు, మళ్ళీ ఎర్రబడింది, మళ్ళీ మార్చాడు. వాడికి అదొక ఆటలా ఉంది. దస్తూరికి మాత్రం పరువు పోతున్నట్టుంది.

వారం తిరిగాక రికార్డులు చూశారు. ల్యాబు చూసే సారు దస్తూరి పుస్తకం తెరిచి పేజీ తర్వాత పేజీ తిప్పాడు. తర్వాత దాన్ని పైకెత్తి పట్టుకుని, "చూడండ్రా, రికార్డంటే ఇదీ! మీరు రాసినవి రికార్డులా, కోడి కెలికిన దిబ్బలా?" అన్నాడు. క్లాసంతా తిరిగి చూసింది. దస్తూరి చెవులు వేడెక్కాయి. ఎర్ర గీతల సంగతి ఆ క్షణంలోనే మర్చిపోయాడు. పొగడ్త ఎవరికి చేదు?

ఆ సాయంత్రమే గాలి వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "ఒరేయ్, నా రికార్డు కూడా రాసిపెట్టవా? నేను రాస్తే ఆ సారు నా మొహాన కొడతాడు. నీకు పుణ్యముంటుంది."

రాసిపెట్టాడు. వాడిది చూసి ఇంకొకడు వచ్చాడు. ఆపైన ముందు బెంచీ అమ్మాయి, "అన్నా, ఈ ఒక్కసారికే" అంటూ. ఆ ఒక్కసారి నాలుగేళ్ళు సాగింది. దస్తూరి ఎవరినీ కాదనలేదు. సాయంత్రం ఇంటికొచ్చి ముందుగదిలో చాప పరుచుకుని, రికార్డులు దొంతరగా పెట్టుకుని రాయడమే పని. వాడు అక్కడ రాస్తున్నంత సేపూ ఆ రికార్డుల సొంతదార్లు ఏం చేస్తున్నారన్నది వాడికి తట్టలేదు. కొందరు తిరిగారు, కొందరు పడుకున్నారు. గాలి మాత్రం ల్యాబు తాళం వేసేదాకా కంప్యూటర్ ముందే కూర్చునేవాడు. చదవడానికి కాదులెండి, ఊరికే. దాన్ని చెడగొట్టడానికి, చెడగొట్టింది ఎలా చెడిందో చూడటానికి.

రెండో సెమిస్టరులో ఒకటి జరిగింది. వాడి కథలో అసలు చెప్పుకోవలసింది అదే.

అయిదు సబ్జెక్టుల మార్కులు తీసుకుని సగటు చెప్పే ప్రోగ్రాము. ఎవరూ సొంతంగా రాయరు. సీనియర్ల రికార్డు తెచ్చుకుని ఎక్కించుకోవడమే పద్ధతి, ఆ సీనియర్లు వాళ్ళ సీనియర్లది ఎక్కించినట్టు. అందులో మార్కులు డెబ్భై, డెబ్భై అయిదు, అరవై ఎనిమిది, డెబ్భై రెండు, డెబ్భై మూడు అని, సగటు డెబ్భై ఒకటి పాయింట్ ఆరు అని పెట్టె గీసి ఉంది. దస్తూరి ల్యాబులో అదే ప్రోగ్రామును ఎలా ఉన్నదలా కొట్టి నడిపాడు. ఎర్ర గీతలేం రాలేదు. కానీ జవాబు ఉత్త డెబ్భై ఒకటి అని వచ్చింది. పాయింట్ ఆరు లేదు!

మళ్ళీ నడిపాడు. మళ్ళీ అదే. కాగితం మీద లెక్క కట్టి చూసుకున్నాడు. రికార్డులో ఉన్నదే కరెక్టు. మరి యంత్రం తప్పా?

"యంత్రం తప్పెందుకు చేస్తుందిరా, మనమే ఏదో తగలేసుంటాం" అన్నాడు గాలి, కుర్చీ జరుపుకుని వచ్చి. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి కూర్చున్నారు. ఇది మార్చి చూశారు, అది మార్చి చూశారు. చివరికి దస్తూరికే తట్టింది. మార్కుల్ని పూర్తి సంఖ్యలని చెప్పి ఉంచారు. పూర్తి సంఖ్యని పూర్తి సంఖ్యతో భాగిస్తే ఆ యంత్రం మిగిలిన ముక్కని పారేస్తుంది. పూర్తి సంఖ్య అన్న మాట తీసేసి, ముక్కలు కూడా ఉంచుకోమని ఒక్కచోట మార్చాడు. డెబ్భై ఒకటి పాయింట్ ఆరు!

దస్తూరి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఒళ్ళంతా ఏదో పాకినట్టయింది. వాడు చెప్పాడు, అది విన్నది. నాన్న చెప్పింది ఇదే కదా! అన్నేళ్ళుగా ఆ ప్రోగ్రామును నడిపి చూసినవాడే లేడు. ఎవడో మహానుభావుడు చేత్తో లెక్క కట్టి జవాబు వేసేశాడు, మిగతావాళ్ళు ఎక్కిస్తూ పోయారు. నడిచి ఇంటికి వెళుతూ వాడు తనలో తానే నవ్వుకున్నాడు. ఆ నాలుగేళ్ళలో వాడు నిజంగా చదువుకున్నది ఆ ఒక్క సాయంత్రమే. ఈ మాట నేను కావాలనే అంటున్నాను.

రికార్డులో సరిచేసిన ప్రోగ్రాము రాశాడు, తన రాతలోకెల్లా అందమైన రాతతో. సారు చూసి సంతకం పెట్టబోయి ఆగాడు.

"ఇదేంటి, ఇక్కడ మార్చావు? సీనియర్ల రికార్డులో ఇలా లేదే."

"అదీ... అది తప్పండి సార్. నడిపితే పాయింట్ ఆరు రావట్లేదు. అందుకని..."

"అందుకని నువ్వు దిద్దావా?"

"నడిపి చూడండి సార్, కావాలంటే."

"నాకు చెబుతున్నావా నువ్వు!" సారు పుస్తకం మూసి బల్ల మీదకి విసిరాడు. ఆయనది దుర్మార్గం కాదు, విసుగు. "రేపు బయటి ఎగ్జామినరు వచ్చి అరవై రికార్డులూ పక్కపక్కన పెట్టుకుంటాడు. యాభై తొమ్మిది ఒకలా ఉండి నీది ఒకటి ఇంకోలా ఉంటే నాకేగా అక్షింతలు! నీ సొంత తెలివి ఇంట్లో పెట్టుకో. ఇంత మంచి దస్తూరి పెట్టుకుని ఎందుకొచ్చిన పాట్లు నీకు? ఉన్నది ఉన్నట్టు రాసుకురా, సంతకం పెడతాను."

గాలి బయట వరండాలో ఈ సంగతి విని, "పోరా, ఆయనకి కావాల్సింది ఆయనకి రాసిచ్చెయ్. మనకి నడిచిందిగా!" అన్నాడు తేలిగ్గా. వాడికి సంతకంతో పని లేదు. నడిస్తే చాలు. దస్తూరి అలా అనుకోలేకపోయాడు. సంతకం లేని పేజీ వాడికి బట్టలిప్పి నిలబెట్టినట్టుంది. ఆ సాయంత్రం పేజీ చింపి, తప్పు ప్రోగ్రామును ముత్యాల్లాంటి అక్షరాలతో మళ్ళీ రాశాడు. సారు సంతకం పెట్టి "గుడ్" అని కూడా రాశాడు. ఛీ, ఏం గుడ్డో!

ఆ తర్వాత వాడు ల్యాబులో దేన్నీ నడిపి చూడలేదు. చూస్తే తప్పు కనబడుతుంది, కనబడితే దిద్దబుద్ధవుతుంది, దిద్దితే పుస్తకం మొహాన పడుతుంది. ఎందుకొచ్చిన గొడవ? హాజరు వేయించుకుని, కంప్యూటర్ తెరిచి ఉంచి, ఒళ్ళో రికార్డు పెట్టుకుని రాసుకునేవాడు.

చిత్రమేమిటంటే మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. రావా మరి? పరీక్షల్లోనూ ప్రోగ్రాములు కాగితం మీదే రాయాలి. దస్తూరి ఏదైనా రెండుసార్లు రాస్తే అది వాడి చేతికి వచ్చేసేది, బుర్రతో పని లేకుండా. డేటా స్ట్రక్చర్స్ అనే పేపరులో ఒక గడి నుంచి ఇంకో గడికి బాణాలు గీసి చూపించమంటారు. వాడు గీసిన బాణాలు పేపర్లు దిద్దేవాళ్ళు ఒకరికొకరు చూపించుకునేవారట. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్కులు, డేటాబేసులు, అన్నీ అలాగే గట్టెక్కాయి. వైవా అనే నోటి పరీక్షలో బయటి ఎగ్జామినరు రికార్డు తిరగేసి, "ఇది నువ్వే రాశావా? భేష్" అని పంపించేసేవాడు. గాలికేమో అత్తెసరు మార్కులు. రెండు పేపర్లు తప్పి మళ్ళీ రాశాడు కూడా. వాడి కాగితం దిద్దడానికి భూతద్దం కావాలి.

చివరి ఏడాది ప్రాజెక్టులో ఇద్దరూ ఒకే జట్టు. గ్రంథాలయంలో పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయో చెప్పే ప్రోగ్రాము. ప్రోగ్రామంతా గాలి చేశాడు. రిపోర్టంతా దస్తూరి చూసుకున్నాడు. బొమ్మలు, పటాలు, అట్ట మీద బంగారు అక్షరాలు, అన్నీ వాడివే. ఇద్దరికీ సమానంగా మార్కులు పడ్డాయి, రిపోర్టు చూసి.

ఆ తర్వాత ఉద్యోగాలిచ్చే కంపెనీ కాలేజీకి వచ్చింది. ఆ పొద్దున వాళ్ళ నాన్న కాపలా పనికి సెలవు పెట్టి, కొడుకు చొక్కా తానే ఇస్త్రీ చేశాడు. వాళ్ళమ్మ చేయబోతే, "నువ్వుండవే, మడత పోతుంది" అని లాక్కున్నాడు. కొడుకు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో చూస్తూ నిలబడ్డాడు.

మొదటి పరీక్ష కాగితం మీద. దస్తూరి అందరికన్నా పైన నిలిచాడు. రెండోది కంప్యూటర్ మీద. ఒక పేరా ఇచ్చారు. అందులో ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో చెప్పే ప్రోగ్రాము రాయాలి. ఒకావిడ ప్రతివాడి వెనకాలా కాసేపు నిలబడి చూస్తోంది. కంపెనీవాళ్ళ మనిషి, నెమ్మదైన మనిషి.

దస్తూరి తెల్ల కాగితం అడిగి తీసుకున్నాడు. ప్రోగ్రామంతా చక్కగా పెన్నుతో రాశాడు. అది చూసి తెర మీద కొట్టాడు. నడిపాడు. ఎర్ర గీత. ఎక్కడో ఒక బ్రాకెట్టు మూయలేదు. మొత్తం చెరిపేశాడు. మొదటి అక్షరం నుంచీ మళ్ళీ కొట్టాడు. ఈసారి కంగారులో ఇంకెక్కడో ఒక మాట తప్పు పడింది. ఎర్ర గీత. మొత్తం చెరిపేశాడు. మళ్ళీ మొదటినుంచి!

వింటుంటే నవ్వొస్తోందా? నాకైతే ఏడుపొస్తుంది.

ఆవిడ వంగి చూసింది. "ఆ ఒక్క లైను మారిస్తే సరిపోతుంది కదా బాబూ. మొత్తం ఎందుకు తీసేస్తున్నారు?"

"అలవాటండీ" అన్నాడు దస్తూరి.

"తప్పు ఉంటే ఉండనీండి. నడుపుతూ సరిచేసుకోండి. మేమూ రోజంతా చేసేది అదే."

వాడు తలాడించాడు. ఆవిడ చెప్పింది అర్థమయింది, చేతికే అర్థం కాలేదు. తప్పున్న పేజీని అలాగే ఉంచి ముందుకు వెళ్ళడం వాడి వల్ల కాలేదు. నాలుగోసారి సగంలో ఉండగా సమయం అయిపోయింది. ఆవిడ వాడి కాగితం చేతిలోకి తీసుకుంది. ఒక్క కొట్టివేత లేదు. "ఎంత బాగా రాస్తారండీ మీరు" అంది జాలిగా. ఆ జాలి కన్నా రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి, ఫలితాలు ఇంకా చెప్పలేదన్నాడు. మర్నాడూ అదే అన్నాడు. ఎదురుగా కూర్చుని అన్నం తింటూ అబద్ధమాడాడు. వాళ్ళ నాన్న నమ్మాడు. తన కొడుక్కి రాకపోతే ఇంకెవరికొస్తుందని ధీమా.

మూడో రోజు మధ్యాహ్నం గాలి స్వీటు పెట్టె పట్టుకుని ఇంట్లోకి దూసుకొచ్చాడు. వాడికి ఇంట్లో జరుగుతున్నదేమీ తెలియదు. దస్తూరిని గట్టిగా వాటేసుకుని, పెయింటరు నోట్లో స్వీటు కుక్కాడు.

"ఉద్యోగం వచ్చింది బాబాయ్! మా క్లాసులో నలుగురికే వచ్చింది, అందులో నేనొకణ్ణి. నమ్ముతారా? మా ఇంట్లో ఎవరూ నమ్మట్లా."

పెయింటరు నములుతున్నవాడు ఆగాడు. కొడుకు వైపు చూశాడు. దస్తూరి గోడకేసి చూస్తున్నాడు. అడగాల్సిన పని లేకపోయింది.

గాలి తన సంతోషంలో తానున్నాడు. "అంతా వీడి చలవే బాబాయ్. ఒట్టు! నాలుగేళ్ళూ నా రికార్డులన్నీ వీడే రాశాడు. నన్ను ఒక్క పేజీ రాయనిచ్చాడు కాదు. వీడే గనక లేకపోతే నేనూ రోజూ ఇంట్లో కూర్చుని ఆ దిక్కుమాలిన రికార్డులు రాసుకుంటూ ఉండేవాణ్ణి. ల్యాబులో కూర్చోడానికి నాకు తీరికెక్కడిది? నేర్చుకునేదెప్పుడు?" కళ్ళలో నీళ్ళు తిరిగాయి వాడికి. నిజంగానే తిరిగాయి. "నీ మేలు మర్చిపోన్రా" అని దస్తూరి చెయ్యి పట్టుకుని ఊపాడు. అప్పుడు దస్తూరి మొహం చూశాడు కాబోలు, గొంతు తగ్గింది. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

గాలి మీద దస్తూరికి కోపం వచ్చింది. ఎందుకు రాదు? పీక నులమాలన్నంత కోపం వచ్చింది. కానీ దేనికని తిడతాడు? వాడు అడిగాడు, తను రాశాడు. వాడన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు.

పెయింటరు చాప మీద కూలబడ్డాడు. వంటింటి గుమ్మంలో వాళ్ళమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

"వాడి రికార్డులు నువ్వు రాశావు" అన్నాడాయన.

"ఆఁ."

"ఇంకా ఎవరివి రాశావు?"

"చాలామందివి నాన్నా."

"రోజూ ఇదే గదిలో కూర్చుని?"

దస్తూరి తలూపాడు.

"మీ అమ్మ గిన్నె చప్పుడు చేస్తే కసిరేవాణ్ణిరా నేను" అన్నాడు పెయింటరు. ఆయన గొంతు అరుపులా లేదు, అరిచి ఉంటే బాగుండేది. "చుట్టాలొస్తే గుమ్మంలోనే నిలబెట్టి పంపించేశాను. రేడియో పెట్టడం మానేశాను. నీ చెయ్యి ఆగకుండా రాస్తుంటే, తలుపు వారగా నిలబడి చూసి మురిసిపోయేవాణ్ణి. నా కొడుకు చదువుకుంటున్నాడనుకున్నాను."

దస్తూరికి దుఃఖం ముంచుకొచ్చింది. నాలుగేళ్ళుగా ఒక్క కొట్టివేతా చేయని చేతులు ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నేనూ అదే అనుకున్నాను నాన్నా" అన్నాడు.